జీతాల తేదీ దగ్గర మొదలుపెట్టండి: వ్యాపారంలో క్రైస్తవ సేవక నాయకత్వం ఎలా పాటించాలి

సొలొమోను చనిపోయాక అతని కొడుకు రెహబాము రాజయ్యాడు. ప్రజలు వచ్చి ఒక్కటే అడిగారు: మీ నాన్న మా మీద మోపిన బరువు కొంత తగ్గించండి, మీకు లోబడి ఉంటాం. రాజు మూడు రోజులు గడువు తీసుకుని పెద్దలను సంప్రదించాడు. ఈ రోజు మీరు వాళ్లకు సేవకుడిగా ఉండి మంచిగా మాట్లాడితే వాళ్లు ఎప్పటికీ మీకు సేవకులుగా ఉంటారని పెద్దలు చెప్పారు. తనతో పెరిగిన కుర్రవాళ్లు మాత్రం ‘నా చిటికెన వేలు నా తండ్రి నడుము కంటే లావు’ అని జవాబివ్వమన్నారు. రెహబాముకు రెండో సలహా నచ్చింది. పది గోత్రాలు అతన్ని వదిలి వెళ్లిపోయాయి. వెట్టిపని చేయించే అధికారి అదోరామును జనం రాళ్లతో కొట్టి చంపారు. ఈ కథ 1 రాజులు 12వ అధ్యాయంలో ఉంది.

సేవక నాయకత్వం అనగానే అందరూ యేసు శిష్యుల పాదాలు కడిగిన సంగతి తీస్తారు. దాని దగ్గరకూ వస్తాం. వ్యాపారం చేసేవారు మాత్రం రెహబాము కథతో మొదలుపెట్టడం మంచిది, ఎందుకంటే అక్కడ జనం అడిగింది ఆప్యాయత కాదు, పనిభారం తగ్గించమని. మన క్రైస్తవ వ్యాపారుల్లో చాలామంది మృదువుగా మాట్లాడతారు, సోమవారం ప్రార్థనతో పని మొదలుపెడతారు, క్రిస్మస్‌కు కేకు పంచుతారు. జీతాలు మాత్రం 18వ తేదీన ఇస్తారు. నా దృష్టిలో సేవక నాయకత్వం అంటే యజమాని తన సౌకర్యంలో కోత పెట్టుకుని, దాన్ని కింద ఉన్నవారికి చేర్చడం. ఆ కోత ఎక్కడెక్కడ పెట్టుకోవాలో వరుసగా చెబుతాను. ఉదాహరణకు విజయవాడలో 14 మంది పనిచేసే ఒక ప్రింటింగ్ ప్రెస్సును ఊహించుకుందాం. మీది బట్టల దుకాణమైనా, బడి అయినా, చిన్న ఆసుపత్రి అయినా లెక్క పెద్దగా మారదు.

ముందు పేర్లు రాయండి

ఒక కాగితం తీసుకుని, మీ నిర్ణయం మీద ఎవరెవరి నెల గడుస్తుందో రాయండి. మెషీన్ మీద ఉండేవారు, బైండింగ్ చేసేవారు, డీటీపీ ఆపరేటరు, గుమాస్తా, సరకు చేరవేసే ఆటో డ్రైవరు. ఇంతవరకు అందరికీ గుర్తొస్తారు. ఉదయం వచ్చి ఊడ్చి వెళ్లిపోయే మనిషి, ఏజెన్సీ ద్వారా వచ్చిన వాచ్‌మన్, హడావుడి ఉన్న నెలలో మాత్రం పిలిపించే కూలీలు గుర్తు రారు. వారినీ రాయండి. పేరు తెలియకపోతే వెళ్లి అడగండి.

తర్వాత రూతు 2వ అధ్యాయం చదవండి. బోయజు పొలం యజమాని. పొలానికి రాగానే కోతవాళ్లను పలకరించాడు. కొత్తగా కనిపించిన అమ్మాయి ఎవరని మేస్త్రీని అడిగాడు. ఆమె ఇంటి పరిస్థితి అప్పటికే విని ఉన్నాడు. దాహం వేస్తే పనివాళ్లు తోడిన నీళ్లు తాగమన్నాడు. భోజనం వేళ దగ్గరకు పిలిచి కూర్చోబెట్టాడు. ఆమెను ముట్టుకోవద్దని మగపనివారికి ఆజ్ఞ ఇచ్చాడు. ఆమె వెనక పరిగె ఏరుకుంటుంది కాబట్టి కొన్ని వెన్నులు కావాలనే విడిచిపెట్టమన్నాడు. ఇవన్నీ మీ కాగితం మీదికి ఎక్కాలి. తాగే నీళ్లు ఎక్కడున్నాయి? ఆడవారికి వేరే మరుగుదొడ్డి ఉందా, దానికి గడియ పడుతుందా? భోజనం ఎక్కడ కూర్చుని చేస్తున్నారు? టీ గ్లాసులు అందరికీ ఒకటేనా? ఆ చివరి ప్రశ్న చాలామంది యజమానులకు నచ్చదు. అయినా వెళ్లి చూడండి.

పదిమంది లేక అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినడానికి అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. బోయజు మూడు వేల సంవత్సరాల క్రితం నోటిమాటతో చేసిన ఏర్పాటును మీరు కాగితం మీద చేయాలి. కమిటీ సభ్యుల పేర్లు గోడమీద అంటించండి. అధ్యక్షురాలు మీ భార్యో, మీ అక్కో అయితే ఎవరూ నోరు విప్పరు.

జీతాల తేదీని ముట్టుకోకండి

మిగతావన్నీ వాయిదా వేసినా దీన్ని వేయకండి. ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం కూలివాడి కూలి సూర్యుడు అస్తమించకముందే ఇమ్మంటుంది, ఎందుకంటే అతడు బీదవాడు, దాని మీదే ఆశ పెట్టుకుని ఉంటాడు. యాకోబు పత్రిక ఇంకా గట్టిగా మాట్లాడుతుంది: చేలు కోసిన పనివారికి ఇవ్వకుండా బిగపట్టిన కూలి మొర్రపెడుతోంది అంటుంది. ఈ వాక్యాలను ఆదివారం తల ఊపుతూ విని, సోమవారం ‘పార్టీ చెక్కు ఇంకా పాస్ కాలేదు, నాలుగు రోజులు ఆగండి’ అనడం మనకు అలవాటైపోయింది.

నెల జీతాలను తర్వాతి నెల 7వ తేదీలోపు ఇవ్వాలని, మానేసినవారి లెక్క రెండు పనిదినాల్లో తేల్చాలని 2019 వేతనాల కోడ్ చెబుతోంది. 2025 నవంబరు 21 నుంచి అది అమల్లో ఉంది. అది చట్టం పెట్టిన గడువు. మీకు మీరు పెట్టుకునే గడువు 1వ తేదీ కావాలి. ఎలా సాధ్యం? మన ప్రెస్సులో నెల జీతాలు మొత్తం 2,80,000 రూపాయలు అనుకోండి. బ్యాంకులో రెండో ఖాతా తెరవండి. ప్రతి శనివారం 70,000 రూపాయలు అందులోకి మార్చండి. కాగితం కొనడానికైనా, ఇంటి ఖర్చుకైనా ఆ ఖాతాను ముట్టుకోకూడదు. మొదటి రెండు మూడు నెలలు ఊపిరి ఆడదు. మీరు ఇంటికి తీసుకెళ్లే డబ్బు తగ్గుతుంది. తగ్గాలి కూడా. మీ వాటా చివర తీసుకోవడమే ఇందులో అసలు సంగతి. నెహెమ్యా యూదా దేశానికి అధికారిగా ఉన్న పన్నెండేళ్లూ అధికారికి రావలసిన భత్యం తీసుకోలేదు, ప్రజల మీద భారం ఎక్కువగా ఉందని.

ఒక నెల నిజంగానే డబ్బు లేకపోతే 1వ తేదీకి ముందే అందరినీ కూర్చోబెట్టి చెప్పండి. ఎంత లోటు ఉందో, ఏ తేదీన ఎంత ఇస్తారో అంకెలతో చెప్పండి. తక్కువ జీతం ఉన్నవారికి ముందు పూర్తిగా ఇవ్వండి. మేనేజర్లు, ఆ తర్వాత మీరు. రోజుకూలీల విషయంలో వాయిదా అనే మాటే లేదు. యేసు చెప్పిన ద్రాక్షతోట ఉపమానంలో యజమాని సాయంత్రం ఐదింటికి కూడా అడ్డా మీద నిలబడి ఉన్నవారిని పనికి తీసుకెళ్లాడు, చీకటి పడకముందే అందరి చేతిలో కూలి పడింది.

పీఎఫ్ గురించి ఒక మాట. జీతంలోంచి 12 శాతం కోసి, దాన్ని 15వ తేదీలోపు కట్టకుండా వ్యాపారంలో తిప్పడం అంటే ఇతరుల డబ్బును అడగకుండా వాడుకోవడం. ఈఎస్ఐ కూడా అంతే. 21,000 రూపాయల వరకు జీతం ఉన్నవారికి ఉద్యోగి వాటా 0.75 శాతం, మీ వాటా 3.25 శాతం. ఇది కట్టని యజమాని, పనివాడి భార్య కాన్పుకు ఐదు వేలు చేతిలో పెట్టి ఫొటో దిగితే దాన్ని ఉదారత అనుకోనక్కరలేదు.

ఇప్పుడు దశమభాగం, అంటే ఆదాయంలో పదో వంతు సంఘానికి కానుకగా ఇవ్వడం. ఈ మాట కొందరు పాస్టర్‌గార్లకు కష్టంగా ఉండవచ్చు. జీతాలు బాకీ ఉన్న నెలలో కానుక కవరు బరువుగా ఉంటే ఆ కానుక మీది కాదు, మీ పనివారిది. పుదీనలోనూ సోపులోనూ జీలకర్రలోనూ పదో వంతు చెల్లిస్తూ న్యాయాన్నీ కనికరాన్నీ విడిచిపెట్టినవారిని యేసు ఏమన్నాడో మత్తయి 23లో ఉంది. వరుస ఇలా పెట్టుకోండి: జీతాలు, పీఎఫ్, ఈఎస్ఐ, చిన్న సరఫరాదారులు, పన్నులు, మీ వాటా. మీ వాటాలోంచి కానుక.

అమెరికాలో కన్సల్టెన్సీలు నడిపే మనవారికీ ఇది వర్తిస్తుంది. ప్రాజెక్టు లేదని హెచ్1బీ వీసా మీద ఉన్న కుర్రవాణ్ని జీతం లేకుండా బెంచి మీద కూర్చోబెట్టడం అక్కడి నిబంధనల ప్రకారం కుదరదు. పని దొరకని కాలానికి కూడా యజమానే జీతం ఇవ్వాలి. వీసా మీ చేతిలో ఉందన్న భయంతో వాడు అడగడు, అంతే.

అడ్వాన్సుల విషయం కూడా చూసుకోండి. పెళ్లికో, ఆసుపత్రికో ఇచ్చిన అడ్వాన్సు పనివాణ్ని కట్టేసే తాడు కాకూడదు. వడ్డీ వద్దు. నెలకు జీతంలో పదో వంతుకు మించి కోయకండి. రెండు కాపీలు రాసి ఒకటి అతనికివ్వండి. అప్పు తీరకముందే మానేస్తానంటే వాయిదాలు మాట్లాడుకోండి గానీ సర్టిఫికెట్లు పట్టుకుని కూర్చోకండి.

పై జీతానికీ కింది జీతానికీ మధ్య తేడా ఎంత ఉండాలన్నది పెద్ద కంపెనీల సమస్యలా కనిపిస్తుంది. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో హెర్మన్ మిల్లర్ ఫర్నిచర్ కంపెనీని 1980లలో నడిపిన మాక్స్ డిప్రీ భక్తిగల క్రైస్తవుడు. సీఈఓ జీతం సగటు కార్మికుడి జీతానికి 20 రెట్లు దాటకూడదని ఆ కంపెనీ పరిమితి పెట్టుకుంది. మీ ప్రెస్సులో ఆ అంకె నాలుగో ఐదో కావచ్చు. ఎంతైనా సరే, ఒక అంకె రాసిపెట్టుకుని ఏటా చూసుకోండి.

సరకు ఇచ్చినవారిని తిప్పకండి

ఇది త్వరగా చెప్పవచ్చు. ఇంకు, గమ్ము, అట్టలు సరఫరా చేసే చిన్న వ్యాపారికి కూడా జీతాల తేదీ ఉంటుంది. సూక్ష్మ, చిన్న సంస్థలకు ఒప్పందం ఉంటే 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. మీ కంటే బలహీనుడు మీ కౌంటరు దగ్గర చెక్కు కోసం ఎదురుచూస్తున్నాడంటే మీ వ్యాపారం అతని డబ్బుతో నడుస్తోందని అర్థం. వెయ్యి కరపత్రాల ఆర్డరుకు 960 మాత్రమే కట్ట కట్టి పంపడం గురించి సామెతలు 11:1 చాలు: దొంగత్రాసు యెహోవాకు హేయము.

పాదాలు కడగండి, ఫొటో లేకుండా

ఈ మధ్య కొన్ని సంస్థల వార్షికోత్సవాల్లో యజమాని వేదిక మీద పనివారి పాదాలు కడిగే కార్యక్రమం పెడుతున్నారు. ఉద్దేశం మంచిదే కావచ్చు. కుర్చీలో కూర్చున్న మనిషి ముఖం ఒకసారి గమనించండి. ఎప్పుడు అయిపోతుందా అని చూస్తుంటాడు. ఆ రాత్రి మేడగదిలో దుమ్ము పట్టిన పాదాలు నిజంగానే ఉన్నాయి, కడిగేవారు లేరు, పన్నెండుమందిలో ఒక్కరూ లేవలేదు. చేయవలసిన పని మిగిలిపోయింది కాబట్టి బోధకుడే లేచాడు. మీ ప్రెస్సులో అలా మిగిలిపోయిన పని ఏమిటో వెతకండి. బహుశా మరుగుదొడ్డి శుభ్రత. రాత్రి పదింటికి షిఫ్టు ముగిశాక ఆడవారు ఇంటికి చేరే ఏర్పాటు కావచ్చు. బాకీ ఎగ్గొట్టి అరిచే ఖాతాదారుతో మాట్లాడటం కావచ్చు.

నెలకు ఒక పూట ఎవరో ఒకరి స్థానంలో పనిచేయండి. బైండింగ్ బల్ల దగ్గర నాలుగు గంటలు నిలబడితే నడుము ఎక్కడ నొస్తుందో తెలుస్తుంది, మర్నాడే ఎత్తైన స్టూలు కొంటారు. సర్వీస్‌మాస్టర్ అనే అమెరికా కంపెనీ ఆసుపత్రులను శుభ్రపరిచే పనులు చేసేది. న్యాయవాది, కళాశాల అధికారి అయిన విలియం పొలార్డ్ 1977లో అక్కడ పెద్ద పదవిలో చేరినప్పుడు తొలి వారాల్లో కొంతకాలం ఆసుపత్రి గదులు తుడిచే పనిలో పెట్టారు. తర్వాత ఆయనే ఆ కంపెనీకి అధిపతి అయ్యాడు. మీ కొడుకో కూతురో వ్యాపారంలోకి వస్తుంటే ఇదే చేయండి. మొదటి రోజే గాజు గదిలో కూర్చోబెట్టకండి.

మీరు ఎవరికి సేవ చేస్తున్నారన్నది కూడా స్పష్టంగా ఎంచుకోవాలి. పొపైస్ అనే చికెన్ హోటళ్ల సంస్థకు చెరిల్ బాకెల్డర్ 2007లో సీఈఓగా వచ్చేనాటికి ఫ్రాంచైజీ యజమానులకు కేంద్ర కార్యాలయం మీద నమ్మకం పోయి ఉంది. తన విశ్వాసం గురించి బాహాటంగా మాట్లాడే ఆమె, ముందుగా ఆ ఫ్రాంచైజీలకే సేవ చేయాలని నిర్ణయించి, వారి హోటళ్ల లాభం పెరుగుతోందా లేదా అని లెక్క చూడటం మొదలుపెట్టింది. 2017లో ఆ సంస్థ 180 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయింది. సేవ చేస్తే ప్రతిసారీ ఇలా డబ్బు వస్తుందని నేను మాట ఇవ్వను. నెహెమ్యాకు రాలేదు.

నిర్ణయాలు మీ బల్ల మీద పేరుకోనివ్వకండి

తెల్లవారి నుంచి సాయంత్రం దాకా జనం మోషే ముందు వరుసలో నిలబడటం చూసి మామ యిత్రో, నువ్వు చేస్తున్నది మంచిది కాదు, నువ్వూ నలిగిపోతావు, ఈ జనమూ నలిగిపోతారు అన్నాడు. రెండో సగాన్ని మనం మరిచిపోతాం. అన్నీ నేనే చూసుకుంటాను అనే యజమాని కష్టజీవిలా కనిపిస్తాడు గానీ అతని సంతకం కోసం పదిమంది పని ఆగి ఉంటుంది.

కాబట్టి హద్దులు రాసి ఇవ్వండి. తప్పు ముద్రణకు 2,000 రూపాయల వరకు కౌంటరులో ఉన్నవారే ఖాతాదారుకు సర్దుబాటు చేయవచ్చు. మెషీన్ మీద ఉన్నవాడు శబ్దం తేడాగా ఉందనిపిస్తే ఎవరినీ అడగకుండా ఆపవచ్చు. ఒకరోజు సెలవు సూపర్‌వైజరే ఇవ్వవచ్చు. వారి నిర్ణయం మీకు నచ్చకపోయినా అందరిముందు కొట్టిపారేయకండి, తర్వాత విడిగా మాట్లాడండి. సమావేశాల్లో మీరు చివర మాట్లాడండి. మీరు ముందు మాట్లాడితే మిగిలినవారంతా ‘అవునండి’ అంటారు, మీరు దాన్ని ఏకాభిప్రాయం అనుకుంటారు.

‘అయ్యగారు లేరని చెప్పు’

బాకీవాడు ఫోన్ చేస్తే గుమాస్తాతో ఈ మాట చెప్పించడం మన దగ్గర మామూలు. ఆ అబద్ధం మీది, నోరు అతనిది. ఇన్‌స్పెక్టరుకు కవరు ఇవ్వడానికి అతన్ని పంపడం, పాత తేదీతో బిల్లు రాయించడం కూడా ఇంతే. మీ పాపం మోయడానికి జీతం ఇస్తున్నట్టు అవుతుంది. ‘ఉన్నారు, శుక్రవారం సగం కడతామన్నారు’ అని చెప్పమనండి. శుక్రవారం కట్టండి.

తప్పు దిద్దడం, అవసరమైతే పంపేయడం

సేవకుడంటే ఎవరినీ ఏమీ అనలేని మెతక మనిషి అని ఒక అపోహ ఉంది. పని ఎగ్గొట్టేవాణ్ని ఊరుకుంటే అతని పని పక్కవాడు చేస్తాడు, కాబట్టి ఆ దయ ఖర్చు మీరు భరించడం లేదు. మత్తయి 18:15 వరుస వ్యాపారానికీ పనికొస్తుంది. మొదట ఒంటరిగా చెప్పండి, జరిగిన సంగతిని తేదీతో సహా చెప్పండి, స్వభావం గురించి వ్యాఖ్యానాలు వద్దు. ‘నువ్వెప్పుడూ ఇంతే’ అనడం కంటే ‘బుధవారం ప్రూఫ్ చూడకుండా ప్లేటు వేశావు’ అనడం మేలు. మారకపోతే ఇంకొకరి సమక్షంలో. ఆ తర్వాత రాతపూర్వకంగా, గడువుతో. దొంగతనం, చేయి చేసుకోవడం, వేధింపు లాంటివాటికి ఇన్ని మెట్లు అక్కరలేదు, నియమాల ప్రకారం విచారణ జరిపి వెంటనే చర్య తీసుకోండి. బూతులు తిట్టడం, అందరిముందు నిలబెట్టడం ఏ సందర్భంలోనూ లేదు.

పంపేయవలసి వస్తే కారణం మీరే స్వయంగా చెప్పండి. మేనేజరు చేత చెప్పించి గదిలో దాక్కోవద్దు. రెండు పనిదినాల్లో లెక్క తేల్చండి.

ప్రార్థన, పండుగలు, సంఘంవాళ్లు

అందరికంటే క్రైస్తవ యజమానే ఎక్కువ జాగ్రత్తగా ఉండవలసిన చోటు ఇది. జీతం ఇచ్చే చేతికి అధికారం ఉంటుంది, ఆ అధికారం నీడ ప్రార్థన మీద కూడా పడుతుంది. ఉదయం ప్రార్థన పెట్టుకోవాలనుకుంటే పనివేళకు ముందు పెట్టుకోండి, హాజరు పుస్తకం అక్కడ ఉంచకండి, ఎవరు వచ్చారో లెక్కపెట్టకండి. రానివాడి ఇంక్రిమెంటు ఎప్పుడైనా తగ్గితే, అసలు కారణం వేరే అయినా, ఎవరూ నమ్మరు.

మన ప్రాంతంలోనే దీనికి గొప్ప ఉదాహరణ ఉంది. 1876–78 కరవులో ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొన్ని మైళ్ల తవ్వకాన్ని కంట్రాక్టుకు తీసుకున్నాడు. ఆకలితో ఉన్నవారికి పని దొరకాలని. పని చూసుకోవడానికి తన దగ్గరున్న తెలుగు బోధకులనే నియమించాడు. వేలమంది వచ్చారు, అందులో మాదిగలు ఎక్కువ. బాప్తిస్మం ఇమ్మని చాలామంది అడిగినా సహాయం నడుస్తున్నంతకాలం ఎవరికీ ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారన్న మాట రాకూడదు, ఆ ఒత్తిడి ఉండకూడదు. పనులు, సహాయం అన్నీ ముగిశాక 1878 జూలైలో గుండ్లకమ్మ దగ్గర ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ అంకెను మన సంఘాల్లో గర్వంగా చెబుతారు. దాని ముందు నెలల తరబడి కాదన్న ఓపిక గురించి మాట్లాడేవారు తక్కువ. వ్యాపారి నేర్చుకోవలసింది ఆ ఓపికే.

దసరాకు ఆయుధపూజ సంగతి తప్పకుండా వస్తుంది. మెషీన్‌కు పసుపు, కుంకుమ పెట్టి నిమ్మకాయ కట్టాలని పనివారు అడుగుతారు. ఇందులో విశ్వాసుల అభిప్రాయాలు వేరువేరుగా ఉన్నాయి. నా అభిప్రాయం: రోజుకు పది గంటలు ఆ మెషీన్‌తో బతికేది వారు, వారిని ఆపకండి. మీరు పూజలో పాల్గొనలేకపోతే ముందురోజే ప్రశాంతంగా చెప్పండి, ఎగతాళి చేయకండి. సెలవు, స్వీట్లు, బోనస్ పూర్తిగా ఇవ్వండి. రంజాన్ మాసంలో ఉపవాసం ఉన్నవారికి ఇఫ్తార్ వేళకు ఇంటికి చేరేలా షిఫ్టు మార్చండి. మీకు ఆదివారం ఎంత ముఖ్యమో ఇతరులకు వారి దినాలు అంతే. అమెరికాలో ట్రూయెట్ కాతీ 1946లో మొదటి హోటల్ తెరిచిన నాటి నుంచి ఆదివారం మూసేవాడు, చిక్-ఫిల్-ఎ దుకాణాలు నేటికీ ఆ రోజు తెరుచుకోవు. ఆ నియమంతో అక్కడ ప్లేట్లు కడిగేవాడికి కూడా సెలవు దొరికింది. మీరు చర్చికి వెళ్లి పనివాణ్ని మెషీన్ దగ్గర వదిలితే అది వేరే విషయం.

ఇక సంఘంవాళ్లు, అంటే మీ చర్చివాళ్లు. ‘మన బ్రదర్ కదా’ అని తీసుకుంటారు. ఆపై రెండు రకాల ప్రమాదాలు. మొదటిది, బ్రదర్ కాబట్టి తక్కువ జీతానికి, లెక్కలేని గంటలకు సర్దుకుపొమ్మనడం. రెండోది, బ్రదర్ కాబట్టి ఆలస్యంగా వచ్చినా అడగకపోవడం. మొదటి తిమోతి 6:2 రెండో ప్రమాదాన్ని, ఫిలేమోను పత్రిక మొదటిదాన్ని ముందే చూశాయి. నియామకపు ఉత్తరం, జీతం, వేళలు అందరికీ ఒకే కాగితం మీద ఉండాలి. ఖాళీ ఉన్నప్పుడు సంఘం వాట్సాప్ గ్రూపులో మాత్రమే చెప్పకండి, గేటు మీద కూడా బోర్డు పెట్టండి. ఒకే సంఘం, ఒకే కులం, ఒకే ఊరివాళ్లతో నిండిన చోట మిగిలిన ఇద్దరికి ఎలా ఉంటుందో వారినే అడగండి.

మీరు యజమాని కాకపోతే

హైదరాబాదులో ఎనిమిదిమంది టీముకు లీడ్‌గా ఉన్నవారి చేతిలో జీతాల తేదీ ఉండదు. పేరు, నింద, సమయం ఉంటాయి. పై అధికారికి పంపే మెయిల్‌లో పని చేసినవారి పేరు రాయండి. క్లయింటు అరిచినప్పుడు కాల్‌లో మీరు ఉండండి. రాత్రి తొమ్మిది తర్వాత సందేశాలు పంపకండి, పంపితే మర్నాడు చూస్తే చాలని అందులోనే రాయండి. రేటింగు తగ్గించవలసి వస్తే ఆ సంగతి వారికి ఏప్రిల్‌లో ఉత్తరం ద్వారా తెలియకూడదు, అక్టోబరులోనే మీ నోటినుంచి వినాలి.

మిమ్మల్ని నిలదీసేవారు ఉండాలి

యజమానిని ప్రశ్నించే జీతగాడు ఉండడు. అందుకని బయటివారిని ఇద్దరిని ఎంచుకోండి: ఒకరు మీ లెక్కలు చదవగలవారు, ఒకరు మీకు ఏమీ బాకీ లేనివారు. మూడు నెలలకోసారి వారి ముందు నాలుగు కాగితాలు పెట్టండి: జీతాలు పడిన తేదీలు, పీఎఫ్ చలానా, సరఫరాదారుల బాకీల జాబితా, మీరు ఇంటికి తీసుకెళ్లిన మొత్తం. పాస్టర్‌గారు ఈ ఇద్దరిలో ఒకరు కాకపోవడమే మంచిది. మీ కానుకల మీద ఆధారపడినవారికి మిమ్మల్ని నిలదీయడం కష్టం, వారిని ఆ ఇబ్బందిలో పెట్టకండి.

మానేసి వెళ్లినవారిని అడగండి

ఏటీ అండ్ టీ కంపెనీలో దాదాపు నలభై ఏళ్లు పనిచేసి 1964లో విరమించిన రాబర్ట్ గ్రీన్‌లీఫ్ క్వేకర్లు అనే క్రైస్తవ శాఖకు చెందినవాడు. సేవక నాయకత్వం అనే మాట వ్యాపార ప్రపంచంలోకి ఆయన 1970లో రాసిన వ్యాసంతో వచ్చింది. సేవ పొందినవారు ఎదిగారా, మరింత స్వతంత్రులయ్యారా, తామూ సేవ చేసేవారుగా మారే అవకాశం పెరిగిందా అన్నది ఆయన పెట్టిన పరీక్ష. ఇది ప్రస్తుతం మీ దగ్గర పనిచేసేవారిని అడిగితే తేలదు, వారు బాగుందనే అంటారు. ఏడాది క్రితం మానేసినవారికి ఫోన్ చేయండి. ఏమి నేర్చుకున్నారు, ఎందుకు వెళ్లారు, తమ్ముణ్ని మీ దగ్గరకు పంపుతారా అని అడగండి. మూడో ప్రశ్నకు వచ్చే జవాబు నిజం.

అన్నిటికంటే కష్టమైన సందర్భం కూడా ఇక్కడే ఉంది. మీ దగ్గర పని నేర్చిన కుర్రవాడు రెండు వీధుల అవతల సొంత ప్రెస్సు పెడతాడు. మీ ఖాతాదారుల్లో కొందరు అతని దగ్గరకు వెళతారు. ఆ వారం కాగితం డీలరుకు ఫోన్ చేసి ‘వాడికి అప్పు ఇవ్వకండి’ అనాలనిపిస్తుంది. చేయకండి. అతని లెక్క రెండు రోజుల్లో తేల్చండి, అనుభవ పత్రం ఇవ్వండి, పీఎఫ్ విషయంలో మీ వైపు నుంచి కావలసింది ఏదైనా ఉంటే వెంటనే చేసేయండి. డీలరే ఫోన్ చేసి ‘ఇతను ఎలాంటివాడు?’ అని అడిగితే, చేయి తిరిగిన పనివాడైతే అదే చెప్పండి. పెళ్లిళ్ల కాలంలో మీకు మించిన ఆర్డర్లు వచ్చినప్పుడు శుభలేఖల పని కొంత అతనికి పంపండి, బిల్లు 15 రోజుల్లో కట్టండి.